ఆరో వారంలో ఫైలు మూసేయకండి

గోదావరి డెల్టాలో టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) నొప్పి చికిత్సల మీద క్లినికల్ ట్రయల్స్ చేస్తున్న వైద్యులకు, వాటికి అనుమతినిచ్చే ఎథిక్స్ కమిటీల సభ్యులకు, వైద్య కళాశాలల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మేం కోనసీమలో, ఉభయ గోదావరి జిల్లాల్లో పనిచేస్తున్న ఫిజియోథెరపిస్టులం, ట్రయల్స్‌లో కోఆర్డినేటర్లుగా చేసినవాళ్లం. ఈ లేఖలోని విషయాలను ఇప్పటికే రెండుసార్లు రాతపూర్వకంగా సంబంధిత అధికారులకు ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ పెడుతున్నాం.

చికిత్సలను మనుషుల మీద పరీక్షించి చూసే ఈ ట్రయల్స్ వద్దని మేం అనడం లేదు. ఇక్కడ మరిన్ని జరగాలి. అవి లేకపోతే డెల్టా కూలీకి మిగిలేది పక్కవీధి ఆర్‌ఎంపీ సూది, మెడికల్ షాపు మాత్ర, ఎవరో చెప్పిన పసరు కట్టు. రోజంతా వంగి బురదలో ఊడ్పులు ఊడ్చే ఆడవాళ్లకు మడమ వెనక నొప్పి వస్తుంది. కొబ్బరి వలుపు కార్మికులకు మోచేయి బయటి వైపు పట్టేస్తుంది. రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు ఎత్తేవాళ్లకు భుజం పైకి లేవదు. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే అమ్మలకు బొటనవేలి మొదట్లో మణికట్టు నొప్పి. చెట్టెక్కే దింపు కార్మికులకైతే మడమ, భుజం రెండూ పోతాయి. వీళ్ల శరీరాల మీద వీళ్ల పనికి తగ్గట్టుగా చేసిన పరిశోధన మనకు కావాలి. ఇప్పుడు జరుగుతున్న తీరు అలా లేదు. ఏమేం మారాలో అంశాల వారీగా చెబుతాం.

1. ఏడాది చూడకుండా ఫలితం ప్రకటించవద్దు.

మా ప్రధానమైన కోరిక ఇదే. టెండన్ అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు. ఎన్నాళ్లుగానో ఉన్న నొప్పిలో ఆ తాడు లోపల వాపు తక్కువ. పీచులు చెదిరిపోవడం, మరమ్మతు సగంలో ఆగిపోవడం ఎక్కువ. అందుకే వాపు తగ్గించే మందు నొప్పిని అణచగలదు గానీ తాడును బాగు చేయలేదు. ఈ తేడా ఆరు వారాల్లో బయటపడదు.

2002లో నెదర్లాండ్స్‌లో 185 మంది మోచేతి నొప్పివాళ్లను మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇంజెక్షన్, రెండో గుంపుకు ఫిజియోథెరపీ ఇచ్చారు. మూడో గుంపుకు సలహా చెప్పి వేచి చూశారు. ఆరు వారాలకు బాగుపడినవాళ్లు ఇంజెక్షన్ గుంపులో 92 శాతం, ఫిజియోథెరపీలో 47 శాతం, వేచి చూసినవాళ్లలో 32 శాతం. 52 వారాలు తిరిగేసరికి లెక్క తలకిందులైంది: ఇంజెక్షన్ 69 శాతం, ఫిజియోథెరపీ 91 శాతం, వేచి చూసినవాళ్లు 83 శాతం. ఆ పరిశోధకులు ఆరో వారంలో ఫైలు మూసేసి ఉంటే, చివరికి అన్నిటికంటే వెనకబడిన చికిత్స ఆ రోజున అన్నిటికంటే గొప్పదిగా అచ్చయ్యేది. 2013లో ఆస్ట్రేలియాలో 165 మంది మీద చేసిన ట్రయల్‌లోనూ ఇంతే. స్టెరాయిడ్ వేయించుకున్నవాళ్లలో 54 శాతం మందికి ఏడాది లోపు నొప్పి తిరగబెట్టింది. మందు లేని ఉత్తి సూది వేయించుకున్నవాళ్లలో 12 శాతం మందికే తిరగబెట్టింది.

మేం ఇక్కడ చూసిన అధ్యయనాల్లో చాలావాటికి గడువు ఆరు వారాలో, పన్నెండు వారాలో. కారణం తెలియక అడగడం లేదు. పీజీ కోర్సు మూడేళ్లు. అందులో ప్రోటోకాల్ (అధ్యయనం ఎలా చేయాలన్న పథకం) రాయాలి, అనుమతి తెచ్చుకోవాలి, మనుషుల్ని చేర్చుకోవాలి, పరీక్షకు ముందే థీసిస్ ఇవ్వాలి. ఏడాది చూసే తీరిక ఆ విద్యార్థికి ఉండదు. అది విద్యార్థి తప్పు కాదు, ఏర్పాటులోని లోపం. దీనికి దారి ఉంది. అధ్యయనాన్ని విద్యార్థి పేరు మీద కాకుండా విభాగం పేరు మీద నడపండి. ఈ ఏడాది బ్యాచ్ చేర్చుకున్నవాళ్లను వచ్చే ఏడాది బ్యాచ్ 26వ వారంలో, 52వ వారంలో చూస్తుంది. తొలి విద్యార్థి తన థీసిస్‌లో పన్నెండు వారాల లెక్క రాసుకోవచ్చు. కానీ దాన్ని మధ్యంతర ఫలితమనే పిలవాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అన్ని టెండన్లూ ఒకటి కాదు. లేసు పనివాళ్లలో కనిపించే డీ క్వెర్వైన్ నొప్పికి, వేలు మడిస్తే పట్టేసే ట్రిగ్గర్ ఫింగర్‌కు స్టెరాయిడ్ ఇంజెక్షన్ బాగానే పనిచేస్తుంది. అక్కడ ఇబ్బంది తాడు జారే తొడుగుది. మోచేయి, మడమ, మణికట్టు నొప్పులన్నిటినీ ఒకే గుంపులో కలిపేసి సగటు తీసే అధ్యయనాలకు కమిటీలు అనుమతి ఇవ్వకూడదు.

2. సార్వా, దాళ్వా క్యాలెండర్ పక్కన పెట్టుకుని ట్రయల్ వేళలు నిర్ణయించండి.

బయటి ప్రోటోకాల్‌ను యథాతథంగా తెచ్చి వాడితే డెల్టాలో అది ఎక్కడ తప్పుతుందో ఇక్కడ పనిచేసేవాళ్లకే తెలుస్తుంది. సార్వా అంటే వానాకాలం వరి, దాని ఊడ్పులు జులై, ఆగస్టుల్లో. కోతలు నవంబర్, డిసెంబర్‌లలో. దాళ్వా అంటే రబీ వరి, దాని ఊడ్పులు సంక్రాంతికి అటూ ఇటూ. కోతలు ఏప్రిల్‌లో. మధ్యలో పని పలచబడే నెలలుంటాయి.

ఇప్పుడు ఒక కూలీ ఆగస్టు చివర మడమ నొప్పితో ఆసుపత్రికి వచ్చిందనుకోండి. నెలన్నర బురదలో నిలబడి వచ్చింది కాబట్టి అప్పుడు నొప్పి శిఖరం మీద ఉంటుంది. అదే రోజు ట్రయల్‌లో చేర్చుకుని, నొప్పికి పదికి ఎనిమిది అని రాసుకుంటారు. ఆరు వారాలు గడిస్తే అక్టోబర్. చేలో పని లేదు, కాలికి విశ్రాంతి దొరికింది. నొప్పి నాలుగుకు దిగుతుంది. ఏ మందూ ఇవ్వకపోయినా దిగుతుంది. పోల్చే గుంపు లేని అధ్యయనమైతే ఈ నాలుగు మార్కుల తగ్గుదలంతా మందు ఖాతాలో పడుతుంది. దీన్నే తిరగేసి చూడండి. జూన్‌లో చేరిన మనిషిని ఆగస్టులో కొలిస్తే, మంచి చికిత్స కూడా పనిచేయనట్టే కనిపిస్తుంది.

అందుకని మూడు పనులు చేయండి. ఒకటి, పోల్చే గుంపు లేకుండా ఏ అధ్యయనానికీ అనుమతి ఇవ్వవద్దు. చీటీ వేసి రెండు గుంపులుగా విడదీసేటప్పుడు, ఒకే నెలలో చేరినవాళ్లు రెండు వైపులా సమానంగా పడేలా చూడండి. దీనికి నలుగురేసి లేదా ఆరుగురేసి మనుషుల చిన్న బ్లాకులుగా చీటీలు తయారు చేసుకుంటే చాలు. రెండు, ప్రతి కొలత రోజునా గడిచిన ఏడు రోజుల్లో ఎన్ని రోజులు పనికి వెళ్లారు, ఏం పని, రోజుకు ఎన్ని గంటలు అన్న మూడు ప్రశ్నలు అడిగి రాయండి. ఇది రెండు నిమిషాల పని. ఇవి లేని నొప్పి మార్కుకు ఇక్కడ అర్థం లేదు. మూడు, ఊడ్పులు, కోతల వారాల్లో ఆసుపత్రికి రమ్మనకండి. ఫోన్లో అడగండి, లేదా కోఆర్డినేటర్ ఊరికి వెళ్లాలి.

ఆ వారాల్లో రమ్మంటే ఏం జరుగుతుందో ఫైళ్లలోనే కనిపిస్తోంది. ‘ఫాలోఅప్‌కు రాలేదు’ అని ఒక గీత గీసి వదిలేస్తున్నారు. 60 మందితో మొదలుపెట్టిన అధ్యయనంలో 15 మంది రాకపోతే నాలుగో వంతు పోయినట్టే. ఆ 15 మంది నొప్పి తగ్గి పనిలో పడినవాళ్లా, నొప్పి పెరిగి వేరే డాక్టర్ దగ్గరికి పోయినవాళ్లా? ఏ వైపు మొగ్గినా ఫలితం మారిపోతుంది. రానివాళ్లు ఎందుకు రాలేదో ఒక్కొక్కరి విషయంలో కారణం రాసి తీరాలి.

3. ప్రశ్నపత్రాలను మన పనులకు సరిచూసి వాడండి.

మడమ టెండన్ బాధ ఎంతుందో కొలవడానికి వాడే వీసా-ఏ అనే ప్రశ్నపత్రంలో ఎనిమిది ప్రశ్నలు, మొత్తం 100 మార్కులు. నొప్పే లేకపోతే 100. అందులో చివరి రెండు ప్రశ్నలు ఆటల గురించి, వ్యాయామం గురించి. వాటికే 40 మార్కులు. ఊడ్పుల కూలీని ‘మీరు ప్రస్తుతం ఆటలు గానీ, వ్యాయామం గానీ చేస్తున్నారా’ అని అడిగితే ‘లేదండి’ అంటుంది. రోజుకు ఎనిమిది గంటలు కాలి మీద బరువు మోసే మనిషి, ఏ పనీ చేయలేని మనిషితో సమానమైపోతుంది. ఒక కోఆర్డినేటర్ చేలో పనిని వ్యాయామంగా లెక్కేస్తారు, ఇంకొకరు లెక్కేయరు. ఒకే మనిషికి ఇద్దరి చేతుల్లో వేరువేరు మార్కులు పడతాయి. ఆటలాడనివాళ్ల కోసం ఈ పత్రానికి వేరే రూపం వచ్చింది. దాన్ని తెలుగులోకి తెచ్చి, ఇక్కడి కూలీల మీద సరిచూసుకుని వాడాలి.

మోచేతికి వాడే పీఆర్‌టీఈఈ అనే ప్రశ్నపత్రంలో 15 ప్రశ్నలు. అది తిరగేసిన లెక్క, 100 అంటే అతి ఎక్కువ బాధ. ఈ రెండు పత్రాలూ ఒకే అధ్యయనంలో ఉంటే మార్కులు ఎక్కించేటప్పుడు తారుమారవడం మామూలే. ఎక్సెల్ షీటులో ఒక్కోదాని పక్కన ‘ఎక్కువైతే మంచిది’, ‘ఎక్కువైతే చెడ్డది’ అని రాసి పెట్టుకోండి. ప్రశ్నల్లో తలుపు గుండు తిప్పడం ఉంది. లంక గ్రామాల్లో తలుపులకు గడియలే. కాఫీ కప్పు ఎత్తడం బదులు నిండు నీళ్ల చెంబు, కిరాణా సంచి బదులు బియ్యం సంచి, తడి తుండు పిండడం యథాతథం అని పెట్టుకోవచ్చు. అయితే ఎవరికి తోచినట్టు వాళ్లు అప్పటికప్పుడు మార్చి అడగకూడదు. ఒకసారి మార్చి, తిరుగు అనువాదం (తెలుగు రూపాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మార్పించి సరిచూడడం) చేయించి, కొద్దిమంది మీద పరీక్షించి, ఆ రూపాన్నే చివరిదాకా వాడాలి.

4. అంగీకార పత్రం మనిషికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి.

మన దగ్గర ఎవరూ టెండన్ నొప్పి అనరు. ‘నరం లాగేస్తోందండి’, ‘నరం పట్టేసిందండి’ అంటారు. పత్రంలో ‘స్నాయుబంధక వ్యాధి’ అని రాస్తే చదివి వినిపించేవాళ్లకే అర్థం కావడం లేదు. ‘నరం’ అని మాత్రమే రాస్తే పక్షవాతానికి సంబంధించినదేమోనని భయపడుతున్నారు. ‘కండను ఎముకకు కట్టి ఉంచే తాడు, మీరు నరం అనేది దీన్నే’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు. ‘యాదృచ్ఛికీకరణ’ వద్దు, ‘ఎవరికి ఏ మందో చీటీ వేసి తేలుస్తాం, డాక్టరు ఎంచుకోరు’ అని రాయండి. ‘ప్లాసిబో’ దగ్గర ‘మందు లేని సూది కూడా మీకు రావచ్చు’ అని రాయండి. ఈ వాక్యం చదివి కొందరు చేరరు. చేరకపోవడం వాళ్ల హక్కు. తెలియకుండా చేరడం కంటే అదే మేలు.

చదవడం రానివాళ్లు వేలిముద్ర వేసేటప్పుడు పక్కన నిష్పక్షపాత సాక్షి ఉండాలన్నది నిబంధన. వార్డు నర్సును, కోఆర్డినేటర్‌ను సాక్షిగా పెట్టడం ఆపండి. ఊరి నుంచి తోడొచ్చిన మనిషి సాక్షి అయితే మేలు. సంతకం చేసిన పత్రం నకలు వాళ్ల చేతికివ్వాలి. ఇవ్వకపోతే రాత్రి మడమ వాచినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకు తెలియదు. పత్రాన్ని సంతకానికి ముందే ఇంటికి పంపి రెండు రోజులు గడువివ్వండి. ఓపీ క్యూలో నిలబెట్టి సంతకం అడిగితే, చేయకపోతే వైద్యం అందదేమోనని చేసేస్తారు. ఆడవాళ్ల సంతకం ఆడవాళ్లదే, భర్తది కాదు.

గోదావరి ఒడ్డున ఈ మాట ఎందుకింత గట్టిగా చెప్పాల్సి వస్తోందో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 2009లో భద్రాచలం ప్రాంతంలో ఆడపిల్లలకు వేసిన హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా అధ్యయనంలో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టిన సంగతి 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదికకెక్కింది.

5. వ్యాయామం కూడా మందే. దానికీ మోతాదు చూడండి.

మడమ టెండన్‌కు 1998 నుంచి ప్రసిద్ధమైన పద్ధతి ఉంది. మెట్టు అంచున ముందరి పాదం మీద నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించాలి. 15 సార్లు చొప్పున మూడు విడతలు మోకాలు చాచి, మళ్లీ మూడు విడతలు మోకాలు కొద్దిగా వంచి. ఇలా రోజుకు రెండు పూటలు, వారంలో ఏడు రోజులూ, 12 వారాలు. రోజుకు 180, మొత్తం 15,120 సార్లు. మొదట దీన్ని పరీక్షించింది 15 మంది సరదాగా పరుగెత్తే వాళ్ల మీద. తెల్లవారుజామున వంట చేసి, ఆరింటికల్లా చేలో దిగి, పొద్దుపోయాక ఇంటికొచ్చే మనిషిని ఇది చేయమని కాగితం చేతికిస్తే చేయలేరు. చేయలేదని చెప్పడానికి మొహమాటపడి చేశామంటారు. ఫలితాల్లో వ్యాయామం పనికిరానిదిగా తేలుతుంది.

వారానికి మూడు రోజులు బరువుతో నెమ్మదిగా చేసే పద్ధతి కూడా దాదాపు అంతే ఫలితమిచ్చిందని 2015లో డెన్మార్క్ పరిశోధకులు చూపించారు. దాన్ని విడవకుండా చేసినవాళ్లే ఎక్కువ. కూలి పనివాళ్లకు అదే నప్పుతుంది. బరువుకు జిమ్ అక్కర్లేదు. వీపు సంచిలో బియ్యం పోసుకుని ఐదేసి కిలోలు పెంచుకుంటూ పోవచ్చు. మోచేతికి లీటరు నీళ్ల సీసా కిలో బరువు, సగం నింపితే అర కిలో. చేసేటప్పుడు నొప్పి పదికి ఐదు దాటకూడదు. మర్నాడు పొద్దుటికి ఎప్పటి స్థాయికి దిగిపోవాలి. దిగకపోతే బరువు తగ్గించాలి. ఈ నియమం కాగితం మీద రాసి ఇస్తే సరిపోదు, చేయించి చూపించాలి. చేసిన రోజున క్యాలెండర్ మీద ఒక చుక్క పెట్టమనండి, లెక్క దానంతటదే వస్తుంది.

చేలో పనే ఎక్కువైన రోజుల్లో వ్యాయామం తగ్గించమని ప్రోటోకాల్‌లోనే రాయాలి. ఒకే తాడు మీద రెండు బరువులు వేస్తే బాగుపడదు.

6. ఇంజెక్షన్ ట్రయల్స్‌లో పాటించాల్సినవి.

స్టెరాయిడ్ మందు చాలావరకు పాల రంగులో ఉంటుంది, మందు లేని సూదిలో వాడే సెలైన్ మాత్రం నీళ్లలా ఉంటుంది. సిరంజి చూడగానే రోగికీ, పక్కవాళ్లకీ తెలిసిపోతుంది. సిరంజికి రంగు టేపు చుట్టాలి. వేసే డాక్టరు తర్వాత ఫలితం కొలవకూడదు. పీఆర్‌పీ (రోగి రక్తం నుంచే వేరు చేసిన ప్లేట్‌లెట్ల ద్రవాన్ని సూదిగా వేయడం) అయితే రెండు గుంపుల వాళ్లకూ రక్తం ఒకేలా తీయాలి, లేకపోతే చీటీ రహస్యం ఆ క్షణమే బయటపడుతుంది. పీఆర్‌పీ గురించి ఇక్కడ ఆశలు చాలా పెంచుతున్నారు. మడమ టెండన్ విషయంలో 2010లో నెదర్లాండ్స్‌లో 54 మంది మీద, 2021లో బ్రిటన్‌లో 240 మంది మీద చేసిన రెండు ట్రయల్స్‌లోనూ అది ఉత్తి సూది కంటే మెరుగని తేలలేదు. చేర్చుకునేటప్పుడు ఈ సంగతి చెప్పి తీరాలి.

స్టెరాయిడ్ వేసిన చోట చర్మం తెల్లబడొచ్చు, కింద కొవ్వు కరిగి గుంట పడొచ్చు. మన చర్మాల మీద ఆ మచ్చ దూరం నుంచే కనిపిస్తుంది. బొల్లి అనుకుని పెళ్లి కాని అమ్మాయిల ఇళ్లలో ఎంత ఆందోళన రేగుతుందో మీకు చెప్పనక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లకు కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ఆ రోజుల్లో చూసుకునే ఏర్పాటు ఉండాలి. మడమ టెండన్ దగ్గర వేస్తే తాడు తెగే ప్రమాదం ఉంది. చెట్టెక్కే మనిషికి కొబ్బరిచెట్టు సగంలో ఆ తాడు తెగితే ఏమవుతుంది? దింపు కార్మికులను ఇలాంటి గుంపులో వేసేటప్పుడు చెట్టెక్కకూడని రోజులు ఎన్నో రాసి ఇచ్చి, ఆ రోజుల కూలి కూడా ఇవ్వాలి. సూది వేసిన కాలు బురదలో, చేపల చెరువు నీళ్లలో దిగకుండా కనీసం రెండు రోజులు ఆపాలి. కూలి ఇవ్వకుండా ఆగమంటే ఆగరు.

7. వేరే మందులు వాడారని గదమాయించవద్దు, రాసుకోండి.

నొప్పి భరించలేక మధ్యలో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి మందు డైక్లోఫెనాకో, స్టెరాయిడ్ డెక్సామెథాసోనో వేయించుకోవడం సర్వసాధారణం. చెబితే ట్రయల్ నుంచి తీసేస్తారని దాచిపెడతారు. దాచితే ఫలితం చెడుతుంది. మీరే పారాసెటమాల్ లెక్కపెట్టి ఇచ్చి, నొప్పి ఎక్కువైతే ఇదే వేసుకోమని, మిగిలిన మాత్రలు వచ్చేటప్పుడు తెమ్మని చెప్పండి. వేరేవి వాడినా కోప్పడబోమని ముందే హామీ ఇవ్వండి. జ్వరానికో విరేచనాలకో షాపులో అడిగి కొనే సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌లు టెండన్లను దెబ్బతీయవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే వాటి మీద పెద్ద హెచ్చరిక పెట్టించింది. 60 ఏళ్లు దాటినవాళ్లకు, స్టెరాయిడ్ వాడేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. చేర్చుకునే రోజునే ఆ మాత్రల ఖాళీ అట్టలు చూపించి, వాడారా అని అడగాలి. పేరు చెబితే గుర్తుపట్టరు, అట్ట చూస్తే గుర్తుపడతారు.

8. రానుపోను ఖర్చు, కూలి అదే రోజు చేతికివ్వండి.

లంక నుంచి రేవు దాటి, పంటు కోసం కాసుకుని, బస్సెక్కి, ఓపీలో కూర్చుని ఇల్లు చేరేసరికి ఒక రోజు కూలి పోతుంది. తోడొచ్చిన మనిషిది కూడా పోతుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ప్రయాణ ఖర్చు, పోయిన కూలి చెల్లించడాన్ని అనుమతిస్తున్నాయి. బిల్లు తెమ్మంటే పంటు వాడు బిల్లు ఇవ్వడు. ఊరిని బట్టి ఒక మొత్తం నిర్ణయించి, కమిటీ ఆమోదంతో, వచ్చిన రోజే ఇవ్వండి. వరదకు రేవు మూసిన వారాల్లో రాలేదని ఎవరినీ తొలగించవద్దు.

9. దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదో ముందే రాయండి.

2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్‌లో హాని జరిగితే ఉచిత వైద్యం అందించాలి. ఆ హాని ట్రయల్ వల్లేనని తేలితే నష్టపరిహారం చెల్లించాలి. తీవ్రమైన హానిని 24 గంటల్లో నివేదించాలి. టెండన్ తెగి ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరితే అది తీవ్రమైన హానే. ‘చిన్న నొప్పి’ అని ఓపీ చీటీ మీద రాసి పంపడానికి వీల్లేదు. థీసిస్ అధ్యయనాలకు ఇది వర్తించదన్న మాట మేం చాలాసార్లు విన్నాం. కంపెనీ స్పాన్సర్ లేని అధ్యయనంలోనూ హానికి ఉచిత వైద్యం, పరిహారం చూసుకునే బాధ్యత సంస్థదేనని ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. దానికి నిధి ఎక్కడిదో చూపించనిదే కమిటీ అనుమతి ఇవ్వకూడదు.

కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది సంస్థకు బయటివారై ఉండాలి, వైద్యంతో సంబంధం లేని సాధారణ వ్యక్తి ఒకరు ఉండాలి. ఆ సాధారణ వ్యక్తి స్థానంలో చేలోనో, చెట్టుమీదో, చెరువులోనో పనిచేసిన మనిషిని కూర్చోబెట్టండి. ఈ లేఖలోని సగం ప్రశ్నలు తొలి సమావేశంలోనే ఆ మనిషి అడిగేస్తారు.

10. నమోదు, ఫలితాలు అందరికీ కనిపించాలి.

భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, అంటే సీటీఆర్‌ఐ, 2007 నుంచి ఉంది. 2018 ఏప్రిల్ 1 నుంచి తొలి మనిషిని చేర్చుకోకముందే నమోదు చేస్తేనే తీసుకుంటున్నారు. ఆ నమోదు సంఖ్యను అంగీకార పత్రం మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో వేయండి. అధ్యయనం ముగిశాక ఏం తేలిందో ఒక పేజీ తెలుగులో రాసి, పాల్గొన్న ప్రతి ఒక్కరికీ పంపండి. ఊరి సచివాలయంలో, పీహెచ్‌సీలో అంటించండి. చికిత్స పనిచేయలేదని తేలినా పంపండి. అది తెలియకే అదే సూదికి బయట డబ్బు పోసి మళ్లీ వేయించుకుంటున్నారు.

ట్రయల్‌లో చేరబోతున్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఒక మాట. సంతకానికి ముందు ఐదు అడగండి. నాకు మందు లేని సూది వచ్చే అవకాశముందా? ఏడాది దాకా చూస్తారా? నా పత్రం ప్రతి ఇస్తారా? రాత్రి నొప్పి ఎక్కువైతే ఏ నంబరుకు చేయాలి? మధ్యలో మానేస్తే మామూలు వైద్యం ఆగిపోతుందా? ఆఖరి ప్రశ్నకు జవాబు ‘ఆగదు’ అనే రావాలి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మానేసే హక్కు మీకుంది.

అధికారులకు, వైద్యులకు మా విన్నపం ఇది. ఇప్పుడు నడుస్తున్న అధ్యయనాల్లో 1, 2, 9 అంశాలను ఎలా అమలు చేస్తారో వచ్చే సార్వా ఊడ్పులు మొదలయ్యేలోపు రాతపూర్వకంగా తెలియజేయండి. ప్రశ్నపత్రాల తెలుగు రూపం తయారీకి, ఊళ్లలో ఫాలోఅప్‌కు మేం పనిచేస్తాం. అందుకు జీతం అడగడం లేదు. ఇప్పటికే పన్నెండు వారాలతో మూసేసిన అధ్యయనాల్లో పాల్గొన్నవారి ఫోన్ నంబర్లు ఫైళ్లలోనే ఉన్నాయి. కమిటీ అనుమతిచ్చి, వాళ్లూ ఒప్పుకుంటే, ఏడాది దాటిన వారందరికీ ఫోన్ చేసి నొప్పి తిరగబెట్టిందా లేదా అడిగే పని ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
గోదావరి డెల్టాలో పనిచేస్తున్న కొందరు ఫిజియోథెరపిస్టులు, ట్రయల్ కోఆర్డినేటర్లు